కాలవ దొర పెళ్లాం

"నిన్న ఎక్కడ ఆపీసినాను బాబూ? ఆఁ, దొర పార అట్టుకుని బురదలోకి దిగీసినాడు. అక్కడ కదా?"

"అక్కడే ఆంటీ. కూలీలంతా గట్టు మీద నిలబడి నవ్వుతున్నారన్నారు."

"నవ్వరేటి మరి? దొరంటే టోపీ ఎట్టుకుని కేకలేసీవోడు. మోకాల్లోతు బురదలో దిగి, మనోళ్లతో పాటు కాలవ తవ్వీ దొరని ఎవుడు చూసినాడు? మా రామన్న తాత అనీవోడు, 'ఈడు దొర కాదర్రా, దొర వేషం కట్టిన మనోడు' అని."

తారాదేవి ఆనపకాయ తరుగుతూనే చెబుతోంది. కత్తిపీటకీ నోటికీ పోటీ పెడితే ఆవిడ నోరే గెలుస్తుంది. సింగపూర్ పక్క దేశంలో, పెరాక్ అనే చోట, కొబ్బరితోటల బడిలో పాతికేళ్లు తెలుగు టీచరుగా పనిచేసిన మనిషి. కూలీల పిల్లలకి అఆలు దిద్దబెట్టి, వేమన పద్యాలు బట్టీ పట్టించి, తోటల్లో తెలుగు బడులు ఒక్కొక్కటే మూతపడ్డాక కూతురు లత దగ్గరికి సింగపూర్ వచ్చేసింది. బుకిట్ పంజాంగ్‌లో పదకొండో అంతస్తు. లత ఆసుపత్రిలో నర్సు, మనవరాలు రుచిత బడికి పోతుంది. పగలంతా ఫ్లాట్‌లో ఆవిడా, కిటికీ కింద నుంచి కొత్తగా తిరుగుతున్న చిన్న రైలూ. ఆ రైలుతో మాట్లాడలేదు కదా! అందుకే గది అద్దెకి తీసుకున్న మహీధర్ దొరికితే వదలదు.

మహీధర్ తెనాలివాడు. కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం గండం వస్తుందని ప్రపంచమంతా హడలిపోయిన రోజుల్లో ప్రోగ్రాములు రాయడానికి వచ్చాడు. గండం గడిచింది, ఉద్యోగం ఇంకా ఉంది. ఈమధ్య జర్మనీవాళ్లు కంప్యూటర్ మనుషుల్ని పిలుస్తున్నారని తెలిసి, పొద్దున్నే గదిలో క్యాసెట్ పెట్టుకుని "ఇష్ హైసె మహీధర్, ఇష్ హైసె మహీధర్" అని వల్లె వేస్తుంటే, వంటింట్లోంచి తారాదేవి గరిటెతో సహా వచ్చి నిలబడింది.

"ఏ దేశం మాట బాబూ అది?"

"జర్మన్, ఆంటీ."

"ఓలమ్మో! మా తాత బాస!"

అలా మొదలైంది. అబ్బాయి హాస్యమనుకున్నాడు. ఆవిడ రంగు చూసి, ఆ పిల్లికళ్లు చూసి, కాదేమో అనుకున్నాడు.

ఆ తాత పేరు హిన్రిక్ లూడర్స్. జర్మనీలో ఉత్తరాన ఎక్కడో, నేల మీద కాలు పెడితే చీలమండ దిగబడే ఊరు. మూడో కొడుకు. ఉన్న పొలం పెద్దన్నకి పోతుంది, రెండోవాడికి చర్చిలో పని దొరికింది, మూడోవాడికి సముద్రం మిగిలింది. ఓడెక్కి సింగపూర్‌లో దిగి, ఒక జర్మన్ వ్యాపారి గిడ్డంగిలో మిరియాల బస్తాలు లెక్కపెడుతూ నాలుగేళ్లున్నాడు. తరవాత పెరాక్‌లో నదీ ముఖం దగ్గర అడవి అడిగాడు. అడవి నరికి పంట వేస్తానన్న తెల్లవాడికి కాదనేవాళ్లు లేని కాలం అది. ఇచ్చింది మాత్రం ఎవరికీ అక్కర్లేని ఉప్పు చిత్తడి. మొసళ్లు, దోమలు, రోజుకి రెండుసార్లు పోటెక్కే నీళ్లు. విశాఖపట్నం జిల్లా నుంచి వచ్చిన కూలీల్లో చాలామంది మొదటి ఏడే జ్వరాలకి రాలిపోయారు. అయితే బురదలో పుట్టినవాడికి బురద గుట్టు తెలుసు. ఎక్కడ గట్టు కట్టాలో, ఎక్కడ తూము పెట్టాలో, ఏ వాలుకి కాలువ తీస్తే నీరు తనంతట తానే పోతుందో పార పట్టి చూపించాడు. మూడేళ్లకి కొబ్బరి మొక్క నిలబడింది. కూలీలు ఆయన్ని 'కాలవ దొర' అన్నారు.

"మరి మీ మామ్మగారు?" అన్నాడు మహీధర్.

మామ్మంటే తండ్రి తల్లి, నూకాలమ్మ. అన్న రామన్నతో కలిసి ఓడెక్కి వచ్చిన పిల్ల. రామన్న కూలీల మీద మేస్త్రీ. దొరకి జ్వరం తగిలి ఇరవై రోజులు మంచం పడితే, దగ్గరికి ఎవరూ పోకపోతే, నూకాలమ్మ గంజి కాచి పోసి బతికించింది. లేచాక దొర రామన్న పాక ముందుకి వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని, చెల్లెల్ని ఇమ్మని అడిగాడు.

"అడిగితే ఇచ్చీడమేనేటి? పెద్దలు కూకున్నారు. 'నీ ఇంటిపేరేటయ్యా?' అన్నారు. ఇంటిపేరు లేనోడికి పిల్లనెలగిత్తారు? ఈయన లూడర్స్ అన్నాడు. ఆల్ల నోళ్లకి అది తిరగలేదు. ఒక ముసలాయన, 'కాలవ తవ్వినోడు కాలవోరే. రాసుకోండి' అన్నాడు. పసుపుకొమ్ము కట్టించీసినారు. నాను పుట్టింటి పేరు చెప్పాలంటే కాలవోరి తారాదేవినే బాబూ, ఇప్పటికీ."

ఇదంతా ఎక్కడ రాసుకున్నారని అడక్కండి. చెప్పుకున్నారు, అంతే. పెరాక్‌లో కాయితం మీద ఇంటిపేరుకి చోటే లేదు. ఫలానావాడు, ఫలానావాడి కొడుకు. అక్కడితో సరి.

రెండు నెలల్లో మహీధర్‌కి ఈ కథ నోటికి వచ్చేసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటర్నెట్ కలిపి, మోడెమ్ కీచుమంటుంటే, ఊరికే సరదాకి 'లూడర్స్, పెరాక్' అని కొట్టాడు. పేజీ పైనుంచి కిందికి ఒక్కో గీతే దిగుతోంది. లూడర్స్ వంశ చరిత్ర. హిన్రిక్ పెద్దన్నకి మనవడైన డీటర్ అనే రిటైరైన పెద్దాయన ఓపిగ్గా కూర్చి పెట్టాడు. హిన్రిక్ గురించి నాలుగు వాక్యాలు. మహీధర్ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి చెప్పాడు. తూర్పు దేశంలో కొబ్బరితోట వేశాడు. 1914 యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని ఆస్ట్రేలియా శిబిరానికి పంపారు. 1919లో ఊరికి తిరిగొచ్చాడు. 1931లో చనిపోయాడు. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు.

అప్పుడే కింద ఫొటో దిగడం మొదలైంది. ముందు తాటాకు కప్పు. తరవాత ఒక ఆడమనిషి నుదురు, కళ్లు, చెవులు. ఎడమ చెవి తమ్మె చీలి రెండు పాయలుగా వేలాడుతోంది.

"మామ్మ!" అంది తారాదేవి. కుర్చీలోంచి లేచిపోయింది. "అది మా మామ్మే. ఆ చెవి నాకు తెల్దేటి? చిన్నప్పుడు ఆ చీలికలో వేలెట్టి ఆడుకునీదాన్ని. చంకలో మా నాన్న! ఓలమ్మా, ఎంత బొద్దుగున్నాడో చూడు!"

నూకాలమ్మకి ఈ భూమ్మీద ఇంకో ఫొటో లేదు. ఆవిడ పోయి యాభై ఏళ్లు. తారాదేవి తెరని చీర కొంగుతో తుడిచింది, అద్దం మీద దుమ్మేదో ఉందన్నట్టు. నవ్వుతోంది, ఏడుస్తోంది, రుచితని పిలుస్తోంది. "రుచీ, మకాన్ తరవాత తిందువుగానీ, ముందు ఇలా రా, మా మామ్మని చూద్దువు!"

రుచిత నూడుల్స్ గిన్నెతోనే వచ్చి వంగి చూసింది. "వావ్, అమ్మమ్మా, షి లుక్స్ లైక్ యూ లా" అంది, మాట చివర ఆ ఊరి 'లా' తగిలించి.

"కింద ఏటో రాసినారు. ఏటి బాబూ?"

మహీధర్ తడబడ్డాడు. వాడికి ఆ మాట తెలుసు, క్యాసెట్‌లో ఆరో పాఠంలోనే వచ్చింది. అయినా నిఘంటువు తిరగేశాడు.

"పర్లేదు, చెప్పు."

"పనిమనిషి, బిడ్డతో. పెరాక్, 1913."

గదిలో మోడెమ్ లైటు ఒక్కటే మిణుకుమంటోంది. తారాదేవి కుర్చీలో కూర్చుంది. "ఆ మాట మార్చమని రాయి" అంది. "పెళ్లాం అని రాయమను. భార్య. అంతే. ఆస్తులొద్దు, వంశంలో మా పేర్లూ ఎక్కించక్కర్లేదు. ఆ ఒక్క మాట."

"రాస్తాను ఆంటీ. ఈలోపు ఫొటో ప్రింట్ తీస్తాను, ఆఫీసులో మంచి ప్రింటర్ ఉంది."

"ఒద్దు. పనిమనిషి అని రాసున్న కాయితం నా గడప దాటి లోపలికి రాకూడదు. మార్చినాక తీద్దుం."

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, అప్పుడు అందరికీ అది న్యాయంగానే అనిపించింది.

డీటర్ నుంచి వారంలో జవాబొచ్చింది. చాలా మర్యాదగా ఉంది. గౌరవనీయురాలైన అమ్మగారికి, మీ ఉత్తరం నన్ను కదిలించింది. హిన్రిక్ తాతగారు నాకు తెలియదు. ఆయన పెట్టెలో దొరికిన ఒకే ఒక ఫొటో ఇది, వెనకాల ఏమీ రాసి లేదు. పనిమనిషి అన్నది మా ఇంట్లో పెద్దలు అనుకున్న మాట. మీరు చెప్పినది నిజమైతే సంతోషంగా మారుస్తాను. నేను కాయితాన్ని బట్టే రాస్తాను కనుక, మీ తండ్రిగారి జనన పత్రం లాంటిది ఏదైనా పంపగలరా?

మహీధర్ చదువుతుంటే తారాదేవి మొహం మొదట విచ్చుకుంది. పత్రం అనే మాట దగ్గర ముడుచుకుంది.

"ఏంటి ఆంటీ? పేపర్ లేదా?"

"ఉంది బాబూ. అదే కదా తంటా."

యుద్ధం వచ్చిన ఏడు పోలీసు పడవ తోటకి వచ్చింది. జర్మన్లందరినీ పట్టుకుపోతున్నారు. దొరని తీసుకెళ్లారు. మర్నాడు ఆఫీసులో గుమాస్తా కూర్చుని తోటలో ఉన్నవాళ్లందరి పేర్లూ రాస్తున్నాడు. శత్రువు బిడ్డని కూడా తీసుకుపోతారని పాకల్లో పుకారు. నూకాలమ్మ మూడేళ్ల కొడుకు బసవయ్యకి పెనం మసి నూనెలో కలిపి ఒళ్లంతా పూసింది. రామన్న వాడిని భుజం మీద వేసుకుని వరసలో నిలబడ్డాడు.

"ఎవడి బిడ్డ?" అన్నాడు గుమాస్తా.

"నా బిడ్డే బాబూ."

"కళ్లేంటలా ఉన్నాయి?"

"దేవుడేసిన రంగు బాబూ, నానేటి చేసీది?"

రాసేశాడు. బసవయ్య, తండ్రి రామన్న, తల్లి రామన్న భార్య. జనన పత్రం కూడా దాన్ని బట్టే వచ్చింది. ఆ రోజు నుంచి నూకాలమ్మ కొడుకుని ఎత్తుకోలేదు. పది మందిలో 'అత్తా' అని పిలవమని నేర్పింది. అన్న కొడుక్కి ఆవిడ మేనత్తే కదా మరి! యుద్ధం అయిపోయింది, తోటని ఇంగ్లీషు కంపెనీ వేలంలో పాడుకుంది, దొర దగ్గర నుంచి ఒక్క ఉత్తరం రాలేదు. దాచాల్సిన అవసరం పోయింది, అలవాటు మాత్రం పోలేదు. బసవయ్యకి మీసాలొచ్చినా 'అమ్మా' అనబోతే నోరు 'అత్తా' అనేది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా తారాదేవి నవ్వుతుంది. ఈసారి నవ్వలేదు.

"అయితే ఆంటీ, ఉన్నదున్నట్టు రాసి పంపుదాం. ఎందుకలా రాయించారో వివరంగా చెబుదాం. అర్థం చేసుకుంటాడు, మంచివాడిలాగే ఉన్నాడు."

"అంతేనంటావా?"

"ఇంకేమైనా కాగితాలుంటే అవీ పెడదాం. ఎక్కువుంటే మంచిది."

తారాదేవి ట్రంకుపెట్టె అడుగు నుంచి ఇంకో రెండు తీసింది. అమ్మ పైడమ్మది ఒకటి, తన జనన పత్రం ఒకటి. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆవిడ చదువంతా తెలుగులోనే. మహీధర్ ఆఫీసుకి తీసుకెళ్లి, పని మధ్యలో హడావుడిగా స్కాన్ చేసి, రెండు పేజీల ఉత్తరం జోడించి పంపేశాడు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోవాలని వాడికి తోచలేదు. తారాదేవికి తోచే అవకాశమే లేదు. ఆవిడకి తెలిసినది తెలిసినట్టే ఉంది మరి.

ఈసారి జవాబుకి మూడు వారాలు పట్టింది. మహీధర్ చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"ఏటంటాడు?"

"ఆంటీ... మీ అమ్మగారు రామన్నగారి కూతురా?"

"అవును. మేనరికం. మేనమామ కూతుర్ని మా నాన్న కాక ఎవుడు చేసుకుంటాడు?"

"పేపర్లో మీ నాన్నగారు కూడా రామన్నగారి కొడుకే కదా ఆంటీ."

తారాదేవికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక చేతిలో స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టబోయి, బల్ల అంచు మీద పెట్టింది. పాకల్లో అందరికీ తెలుసు, పెళ్లికి వచ్చి భోజనం చేసిన వాళ్లందరికీ తెలుసు, బావా మరదళ్లని. కాయితానికి తెలియదు. కాయితం మీద అన్నాచెల్లెళ్లు.

డీటర్ ఆ మాట ఎక్కడా కటువుగా అనలేదు. అనకపోవడమే కటువుగా ఉంది. పంపిన పత్రాల ప్రకారం మీ తల్లిదండ్రుల బంధుత్వం నేను రాయదగినది కాదు. మీరు చెప్పిన వివరణ నిజం కావచ్చు, కానీ కాయితం ఒకలా ఉంటే నేను ఇంకోలా రాయలేను. మీ కుటుంబానికి ఇబ్బంది కలిగించడం నా ఉద్దేశం కాదు. పనిమనిషి అన్న మాట మిమ్మల్ని నొప్పించింది కనుక, మీ మీద గౌరవంతో, ఆ ఫొటోని పేజీ నుంచి తీసేశాను. క్షమించగలరు.

"తీసీసినాడా?"

మహీధర్ అప్పటికే పేజీ తెరిచాడు. నాలుగు వాక్యాలున్నాయి. వాటి కింద తెల్లగా ఉంది.

"ఎక్కడైనా దాగుంటాదేమో చూడు బాబూ. కంప్యూటర్లో అన్నీ ఉంటాయంటారు."

చూశాడు. అన్నిచోట్లా వెతికాడు. రుచిత కూడా వచ్చి కూర్చుంది, ఏదేదో నొక్కింది, "అలామక్" అని తల పట్టుకుంది. "అన్నా, యూ నెవర్ సేవ్?"

"ప్రింట్ తీస్తానన్నాను. ఆంటీయే..." అని, సగంలో ఆపేశాడు.

"నానే ఒద్దన్నాను" అంది తారాదేవి. "అనీయ్ బాబూ. అనడానికేటి?"

ఆ రోజే మళ్లీ రాశారు. మాట ఎలాగైనా ఉండనివ్వండి, ఫొటో ఒక్కటి పంపండి అని. జవాబు లేదు. పదిహేను రోజులకి ఇంకోటి రాశారు. డబ్బా నిండిపోయిందనో ఏమో, ఆ మెయిలు వెనక్కి తిరిగొచ్చింది. ఇంతలో మహీధర్ కంపెనీ మూతపడింది. జర్మనీ లేదు, సింగపూర్ లేదు, రెండు వారాల్లో తెనాలి. వెళ్లే ముందు రోజు పాపం వాడు సామాను సర్దడం మానేసి, డీటర్ పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఫోన్ నంబరు వెతికి, పెద్ద పెద్ద అంకెల్లో అట్ట మీద రాసిచ్చాడు.

"ఆంటీ, మన నాలుగు గంటలంటే వాళ్లకి పొద్దున్న తొమ్మిది. అప్పుడు చేయండి. ఆయనకి ఇంగ్లీష్ వచ్చు."

"నాకు రావాల కదా బాబూ."

వాడు ఆవిడ కాళ్లకి దండం పెట్టి వెళ్లిపోయాడు.

మాట్లాడిపెట్టమని రుచితని అడిగింది. "అమ్మమ్మా, నేను ఏం చెప్పాలి? హి థింక్స్ వీ ఆర్ క్రేజీ లా. సో ఎంబరాసింగ్" అంది ఆ పిల్ల, కళ్లెత్తకుండా. ఆ కాయితం సంగతి దానికీ తెలుసు. లత, "పోనీలే అమ్మా, మామ్మ మనకి తెలుసు కదా, ఆళ్లకి తెలియకపోతే ఏం?" అని, డ్యూటీకి టైమైపోతోందని వెళ్లిపోయింది. లతకి మామ్మ తెలియదు. రుచితకి అసలే తెలియదు. ఆ చీలిన చెవిని చూసినవాళ్లలో బతికున్నది తారాదేవి ఒక్కతే. అదీ ఈమధ్య కళ్లు మూసుకుంటే చెవి వస్తోంది గానీ, మొహం రావడం లేదు. తెర మీద చూసిన మొహం కూడా రావడం లేదు.

ఇవాళ మధ్యాహ్నం రుచిత పాత నోటుపుస్తకంలోంచి ఒక కాయితం చింపి ముందు పెట్టుకుంది. ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో, ఒకటో తరగతి పిల్లలకి రాసిచ్చినట్టు గుండ్రంగా రాసింది. 'గుడ్ మార్నింగ్ సర్. ఐ యామ్ తారాదేవి, సింగపూర్. షి ఈజ్ నాట్ సర్వెంట్. షి ఈజ్ వైఫ్. ఫోటో సెండింగ్ ప్లీజ్.' పైకి చదువుకుంది. మళ్లీ చదివింది. వైఫ్ అంటే ఆయన కాయితం ఏదంటాడు. కాయితం అంటే మళ్లీ ఆ అన్నాచెల్లెళ్ల సంగతి వస్తుంది. దానికి జవాబు చెప్పడానికి ఆవిడ దగ్గరున్న ఇంగ్లీషు చాలదు. ఎవరి దగ్గరున్న ఇంగ్లీషు చాలుతుంది?

రుచిత బడి నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ భుజం మీంచి వంగి ఆవిడ పైకి చదివేది వింది. "అమ్మమ్మా, 'సెండింగ్' కాదు. గివ్ మీ." పెన్ను తీసుకోబోయింది.

"నువ్వు తెలుగులో రాయలేవు కదే. ఎలగనాలో చెప్పు, నానే రాసుకుంటాను."

చెప్పింది. ఆవిడ చివరి మూడు వాక్యాలూ కొట్టేసింది. బలంగా కొట్టింది, కింద కాయితానికి అచ్చు పడేలా. వాటి స్థానంలో రాసింది, 'సర్, సర్వెంట్ ఓకే. యూ రైట్ సర్వెంట్. ప్లీజ్ సెండ్ ఫోటో.'

రుచిత చదవలేక, "వాట్ డిడ్ యూ రైట్?" అంది.

"ఏదో ఒకటి. మీ అమ్మకి చెప్పకు."

అప్పటికి అయిదున్నర అయింది. ఇవాళ్టికి ఆలస్యమైపోయింది. ఇప్పుడు చేస్తే ఆయన ఇంట్లో లేకపోతే? ఉన్నా, రిటైరైన మనిషైనా ఏదో పనిలో ఉంటే విసుక్కుంటాడేమో. రేపు మధ్యాహ్నం సరిగ్గా నాలుగింటికి చేయాలి. అట్ట మీద అంకెలు మొత్తం పద్నాలుగున్నాయి, ఒక్కటి తప్పినా ఎవరింటికో పోతుంది. అందుకని వేలు పెట్టి, పైకి, నెమ్మదిగా చదువుకోవడం మొదలుపెట్టింది.